ఈ పచ్చికకు ప్రవేశ రుసుమేల?

నగర ఉద్యానవన వినోద మండలి అధ్యక్షులకును, గౌరవనీయులైన సభ్యులకును వ్రాయునది.



మన ఉద్యానవనపు తూర్పుభాగమున, డిస్కును విసరి బుట్టలో వేయు డిస్క్ గోల్ఫ్ ఆటమార్గపు తొలి బుట్టకును కార్లు నిలుపు స్థలమునకును నడుమ, ఏండ్లతరబడి ఎల్లవారును ఎవ్వరి అనుమతియు అడుగకుండ వాడుకొనుచున్న చదునైన పచ్చికబయలు చుట్టును కంచె నాటించి, దానిని ఒక ప్రైవేటు నిర్వాహకునకు దీర్ఘకాలపు కౌలుకిచ్చి, రుసుము చెల్లించినవారికి మాత్రమే ప్రవేశముండునట్టి ‘డిస్క్ గోల్ఫ్ డ్రైవింగ్ రేంజి’ని అచ్చట నెలకొల్పుటకు మీరు సూత్రప్రాయముగా అంగీకరించితిరని తెలిసి, ఆ నిర్ణయమునకు సమ్మతింపజాలక ఈ లేఖను వ్రాయుచున్నాను. దీని ఆంగ్లప్రతిని మీ కార్యాలయమున అందజేసితిని. ఉత్తర కరొలైనాలోని ఈ నగరమున ఇండ్లు కొనుక్కొని, పన్నులు చెల్లించుచు, సాయంకాలములయందు ఆ పచ్చిక అంచున నడచుచుండు తెలుగువారు పెక్కండ్రు గలరు. వారికిని ఈ విషయమున పాలున్నది గనుక తెలుగుప్రతిని ఇచట ప్రకటించుచున్నాను.

మొట్టమొదట ఒక అపార్థమునకు తావు లేకుండ చేయనిండు. డిస్క్ విసరుటను అభ్యసించుటకు ప్రత్యేకస్థలము కావలయును. అది లేకపోవుట మన ఉద్యానవనమునకు లోటే. ఆ లోటును మీరిన్నాళ్లకైనను గుర్తించితిరన్న వార్త నాకు మొదట సంతోషమునే కలిగించినది. అడవిలో పదునెనిమిది బుట్టల ఆటమార్గమును తీర్చి, దానికి పటములు, సూచన పలకలు, విసరుటకు నిలుచు సిమెంటు తిన్నెలు అమర్చి, ఆ మార్గమున అడుగిడబోవు కొత్తవాడు తన మొదటి విసరును ఎచ్చట నేర్చుకొనవలెనో మాత్రము చూపక విడిచినందువలన, అతడు ఆ నేర్చుకొనుటను ఆటమార్గము మీదనే సాగించుచు, వెనుక వచ్చువారిని నిలువరించుచు, చెట్లబెరళ్లకు డిస్కులు తాకించుచు, పొదలలో వెదకుకొనుచు, రెండు మూడు వారములలోనే ఉత్సాహమును పోగొట్టుకొని ఇంటికి చేరుచున్నాడు. క్రికెట్టు నేర్చుకొనువాడు మొదట నెట్స్‌లో ఆడి తరువాతగదా మైదానమునకు వచ్చును! కావున అభ్యాసస్థలము యోగ్యమా అని మీరడిగిన, యోగ్యమే అని నా సమాధానము. మీరు తలపెట్టిన ఈ రేంజి యోగ్యమా అన్న ప్రశ్నకు మాత్రము కాదనియే చెప్పవలసియున్నది. ఏలననగా గోల్ఫునుండి యథాతథముగా తెచ్చుకొన్న ఈ ఏర్పాటు డిస్కు స్వభావమునకు సరిపడదు, మీ పదవీధర్మమునకు అసలే సరిపడదు.

గోల్ఫు అభ్యాసస్థలములు ఈ దేశమున నిన్న నేడు వెలసినవి కావు. మన రాష్ట్రమందలి పైన్‌హర్స్ట్‌లో 1913లో ఏర్పడి, ‘మేనియాక్ హిల్’ అను పేర ప్రసిద్ధికెక్కిన అభ్యాసస్థలమే తక్కినవానికెల్ల మార్గదర్శి యైనదని చెప్పుదురు. అట్టి ఏర్పాటు అంతకాలము నిలిచి లాభించుటకు కారణము బంతియందే యున్నది. బంతులన్నియు ఒకే కొలతవి. ఏ బంతి ఎవ్వరిదన్న తగవు రాదు. బకెట్టెడు బంతులను అద్దెకు గొని కొట్టినవాడు వానివంక మరల చూడనక్కరలేదు. ఇనుపవల కప్పిన చిన్నబండి ఒకటి మైదానమంతయు తిరిగి చక్రములతో వానిని పోగుచేయుచుండగనే పదిమంది నిశ్చింతగా కొట్టుచునే యుందురు. ఆట ఆగదు, రాబడి ఆగదు.

డిస్కు విషయమున వీనిలో ఏది నిజము? పచ్చికలో పలుచగా పరుండిన డిస్కును చక్రము ఎత్తజాలదు. దానిని మనిషియే వంగి ఏరవలయును. ఏరు మనిషి మైదానమున నున్నంతసేపు విసరువారందరు చేతులు దించుకొని నిలువవలయును, ఏలననగా ఇది పిల్లలు సముద్రతీరమున ఎగురవేయు మెత్తని చక్రము కాదు. 1983లో డేవ్ డనిపేస్ అంచును వాలుగా తీర్చిన డిస్కును వెలువరించిన నాటినుండి దూరపు విసరులకు వాడు ‘డ్రైవర్ల’ అంచులు సన్నబడుచు వచ్చినవి. సుమారు 21 సెంటీమీటర్ల వ్యాసమున, 175 గ్రాముల మేరకు బరువున్న గట్టి ప్లాస్టిక్కు బిళ్ల గంటకు 60 మైళ్ల వేగముతో వచ్చి తాకిన మనుష్యుని కణత పగులుటకు వేరొక కారణమక్కరలేదు. ఇంక అద్దె మాట. గోల్ఫు బంతి ఎవ్వరి చేతనైన నొకటియే; డిస్కుగుణము ఒక్కొక్కదాని కొక్కొక్క రీతిగా నుండును. వేగము, తేలిక, తొలుత పక్కకు ఒరగుట, చివర వెనుకకు మరలుట — ఈ నాలుగింటికి నాలుగంకెలు డిస్కుమీదనే ముద్రించుచుందురు. ఆ అంకెలైనను కొత్తదానికే వర్తించును. నాలుగు నెలలు రాళ్లకును చెట్లకును తగిలి అంచు అరిగిన డిస్కు, తొలినాటికంటె మెత్తబడి, అదే చేతినుండి అదే బలముతో వెలువడినను మరియొక దారిని పోవును. ఆటగాడు తన డిస్కుల అరుగుదలను ఎరిగి, వానిని ఎన్నుకొని, అడుగున తన పేరును ఫోను నెంబరును మార్కరుతో వ్రాసికొని సంచిలో దాచుకొనుట ఇందుచేతనే. వందలమంది చేతులలో అరిగి, అంచులు చిట్లిన అద్దెడిస్కులతో నేర్చినవాడు తన డిస్కు పోకడను ఎట్లు నేర్చును? నిర్వాహకుడు అద్దెడిస్కులు వలదని ఎవరివి వారినే తెచ్చుకొనుమనెనా, అప్పుడు ఆ రుసుము దేనికి? మనము నిన్నటివరకు ఉచితముగా నిలిచిన గడ్డిమీద నేడు నిలుచుటకా?

మీలో ఎవ్వరైనను ఒక సాయంకాలము ఆ పచ్చికకు వచ్చి కొంచెముసేపు నిలుచుందురేని, అభ్యాసమనగా ఏమో నా వాక్యములకంటె చక్కగా బోధపడును. అచ్చటకు ఒక కుర్రవాడు వచ్చును. ఏ ఉద్యోగము నుండి తిన్నగా వచ్చునో గాని బూట్లకు సున్నపుధూళి అంటియుండును. సంచినుండి ఏడెనిమిది డిస్కులు తీసి కాళ్లచెంత వరుసగా పరచుకొనును. ఒకదానిని కుడిచేత నాలుగు వ్రేళ్లను అంచు లోపలకు మడచి పట్టుకొని, బొటనవ్రేలిని పైన అదిమి, ప్రక్కకు మూడడుగులు వేసి, తుంటి తిరిగినపిమ్మట భుజము, భుజము వెనుక మోచేయి తిరుగునట్లు విడుచును. డిస్కు ముక్కు, అనగా ముందంచు, ఒక్క పిసరు పైకెత్తినను గాలిలో నిలువునా లేచి వెనుకపడును. చేతిని త్రిప్పిన వేళ తప్పెనా భూమిని తాకి చక్రమై దొర్లిపోవును. ఉన్నవన్నియు విసరి, వానివెంట నడచును. నడచునపుడు ఏది ఎచ్చట పడినదో, ఏది ఎందులకు పొట్టిపడినదో తనలో తాను లెక్కించుకొనుచు, ఒక్కొక్కదానిచెంత ఆగుచు, ఏరుకొనుచు పోయి, ఆ చివరనుండి ఈ చివరకు తిరిగి విసరును. ఆ నడక అభ్యాసమునకు అంతరాయమని మీకెవ్వరైనను చెప్పియుందురు, అది పొరపాటు. చేయి చల్లారుటకును, తప్పు తలకెక్కుటకును ఆ నడకయే అవకాశము. కూలివాడు ఏరితెచ్చిన డిస్కులను నిలిచినచోటనే నిలిచి ఎడతెగక విసరువాడు తన తప్పునే గట్టిపరచుకొనును.

ఆ తిరుగు విసరులో మరియొక విద్య యున్నది. గాలికి ఎదురుగా విసరిన డిస్కు తన వేగమును మించిన వేగముతో పోయినట్లుగా ప్రవర్తించి త్వరగా ఒరగిపోవును. గాలి వెంట విసరినది ఎత్తు కోల్పోయి తొందరగా దిగి మరలును. అయినను ఆ గాలి తోడైనపుడు ఎంతదూరము పోగలదో ఎరుగుటకు 2016లో నెవాడా ఎడారియందు డేవిడ్ విగ్గిన్స్ జూనియర్ 338 మీటర్లు విసరిన రికార్డు చాలును. రెండు దిక్కులకును విసరుటకు వీలైన తెరపి పచ్చికలో, ఒక గంటలో, రెండు గాలులను నేర్చుకొనవచ్చును. ఒక వైపున తిన్నెలును మూడువైపుల వలలును గల మీ రేంజిలో గాలి ఎటు వీచినను విసరు ఒకే దిక్కునకు. డబ్బు పుచ్చుకొని సగము విద్య నేర్పుటకు ఇంతటి ఆర్భాటమెందుకు?

ఇక ప్రజల పాలు మాట. ఈ ఆట పుట్టుకయందే ఉద్యానవనము చొచ్చియున్నది. 1975లో లాస్ ఏంజెలెస్ సమీపమున, లా కన్యాడాలోని ఓక్ గ్రోవ్ పార్కునందు ఎడ్ హెడ్రిక్ తొలి శాశ్వత ఆటమార్గమును నెలకొల్పినపుడు దానికి గొలుసులబుట్టలైనను లేవు, కంబములే లక్ష్యములు. డిస్కు తగిలి ఆగి పడునట్టి ఇనుపగొలుసులను ఆయన అటుపిమ్మట కనిపెట్టి 1977లో పేటెంటు పొందెను. ఆ నాటినుండి ఈ దేశమున ఈ ఆటమార్గములలో అత్యధికభాగము పురపాలక, కౌంటీ ఉద్యానవనములయందే, రుసుము లేకుండగనే వ్యాపించినది. గోల్ఫుక్లబ్బు గడపను ఎన్నడును తొక్కజాలని కుటుంబపు పిల్లవాడు పదిహేను డాలర్లకు ఒక డిస్కు కొనుక్కొని ఆ సాయంకాలమే ఆడనేర్చుటయే ఈ ఆట ప్రజాదరణకు మూలము. మన రాష్ట్రమునకు ఇందలి ఖ్యాతి తక్కువది కాదు. 2012లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీలు మన షార్లట్ నగరముననే జరిగినవి. పాల్ మెక్‌బెత్ తన మొదటి ప్రపంచ బిరుదమును అచ్చటనే గెలిచెను. ఆ పోటీలకు ఆతిథ్యమిచ్చిన రాష్ట్రపు మండలులు ప్రజలకు తెరచిన మైదానములను కంచెలలో బంధించుట ఆట పెంపునకో, లేక మరి దేనికో మీరే ఆలోచింపుడు.

మీ ప్రతిపాదనలోని మంచిని దాచుట నాకు ఇష్టము లేదు. డిసెంబరులో అయిదు గంటలకే పొద్దుగూకు ఈ ప్రాంతమున ఉద్యోగము విడిచి వచ్చువారికి దీపములు గల అభ్యాసస్థలము నిజముగా మేలు. వాన కురియునాడు కప్పుక్రింద నిలుచుటయు మేలే. డిస్కు నడుమ చిన్న యంత్రమును అమర్చి వేగమును, భ్రమణమును, ముక్కు ఎత్తును తెలుపు సాధనములు నేడు అమ్మకమునకు వచ్చినవి. వానిని కొన్ని కొని అందరికి అందుబాటున నుంచుట ప్రశంసనీయము. కాని ఈ మూడు మేళ్లలో ఏ ఒక్కదానికైనను పచ్చికబయలును కౌలుకిచ్చు అవసరమున్నదా? కొలతయంత్రమునకు దూరమక్కరలేదు; డిస్కు చేయి విడిచిన క్షణమునందలి సంగతులనే అది చెప్పును గనుక, మన వినోదకేంద్రపు వ్యాయామశాల మూల ఒక దృఢమైన వల కట్టిన చాలును. ఆ శాలయే వాననాటి కప్పు. దీపముల విషయమునకు వత్తుమా, ప్రక్కనున్న బేస్‌బాల్ మైదానపు స్తంభములు ఇప్పటికే నిలిచియున్నవి. ఒక స్తంభపు దీపములను పచ్చికవైపు త్రిప్పించుటకు అగు ఖర్చు, కౌలు ఒప్పందమును వ్రాయు న్యాయవాదుల బిల్లుకంటె మించునా?

మీరు భద్రతను కారణముగా చూపుదురని విన్నాను. అది మాత్రము తీసివేయరాని కారణము. దానిని నేను తేలికగా చూచుట లేదు. ఆ పచ్చికకు ఉత్తరపు అంచునే కాలిబాట యున్నది. భారతదేశమునుండి పిల్లలను చూడవచ్చి ఆరునెలలు ఉండి పోవు తలిదండ్రులు, మనుమని తోపుడుబండిని నెట్టుచు, వెనుకనుండి వచ్చు కేకను అర్థము చేసికొనలేక, ఏ దిక్కునకు తొలగవలెనో తెలియక నిలిచిపోవుట నేను కన్నులార చూచితిని. ‘ఫోర్!’ అను అరపు డిస్కు వచ్చుచున్న హెచ్చరిక యని వారికెవ్వరు చెప్పిరి? అట్టి పెద్దలకు దెబ్బ తగులకుండుట ఎవ్వరి బాధ్యత? విసరువాని బాధ్యత కొంత. కాలిబాటను విసరుబయలు అంచున పరచిన మండలి బాధ్యత అంతకంటె హెచ్చు. ఈ బాధ్యతను నిర్వాహకునిపై త్రోసి, ‘ఇక అతడు చూచుకొనును’ అని చేతులు కడుగుకొనుట మీకు తగదు. పైపెచ్చు, రుసుము చెల్లింపలేనివారు విసరుట మానెదరని తలంచుట భ్రమ: వారు ఆ కంచెను దాటి పిల్లల ఫుట్‌బాల్ మైదానములకును, బడి ఆవరణములకును, చెరువుగట్టునకును పోయి విసరుదురు. అపాయమును ఉన్నచోటనుండి ఎవ్వరును కాపలా లేనిచోటికి తరలించుటను భద్రత అనవచ్చునా?

చేయవలసినది కష్టమైన పని కాదు. విసరుదిక్కును ఉత్తరదక్షిణములనుండి తూర్పుపడమరలకు మార్చి కాలిబాటను విసరుకు సమాంతరముగా ఉంచి, బాటకును పచ్చికకును నడుమ పొదలనో తక్కువ ఎత్తు వలనో నాటుడు. కొత్తవాని విసరు 200 అడుగులు దాటుట అరుదు, చేయితిరిగినవాని విసరు 350 నుండి 400 అడుగులు. 400 అడుగుల నిడివి, 200 అడుగుల వెడల్పు గల స్థలము రెండెకరములకు లోపే, అది మనకిప్పుడే యున్నది. యాబదేసి అడుగుల కొక గుర్తుకంబము నిలుపుడు. ఒకరు ఏరుచుండగా మరియొకరు విసరరాదని, ఇరువైపులవారు ఒకరి చేతిసైగ చూచి తరువాతనే ఆరంభింపవలెనని, మొదటివాక్యమునందే కనుపడునట్లు పెద్ద అక్షరములతో పలక వ్రాయించి, ఆ పలకపై ఇచట వసించు జనులు చదువగల భాషలకు చోటిండు. వారమున రెండు సాయంకాలములు కొత్తవారికని, తక్కినవేళలు అందరికని నియమింపుడు. ఒక మూల అభ్యాసపు బుట్టలు రెండు నిలుపుడు. ఒక్కొక్కటి కొన్ని వందల డాలర్లకు దొరకును. మన ఆటగాళ్ల సంఘము వారాంతములయందు స్వచ్ఛందముగా కొత్తవారికి నేర్పుటకు సిద్ధముగా నున్నది; వారు ఆ సంగతిని మీ కార్యాలయమునకు ఎన్నడో వ్రాసి తెలిపిరి, ఉత్తరమునకు ప్రత్యుత్తరమైనను రాలేదని చెప్పుచున్నారు.

నేలను గూర్చియు ఒక మాట. అదేపనిగా త్రొక్కినచోట గడ్డి చచ్చును, మన్ను గట్టిపడి వానను మ్రింగజాలక చెట్లవేళ్లను బయటపెట్టును. టెక్సస్‌లోని ఆస్టిన్ నగరమున, పేరుగాంచిన పీస్ పార్కు ఆటమార్గమును నేలకోతయు చెట్లహానియు కారణముగా 2011 సంవత్సరాంతమున మూసివేయవలసివచ్చినది. ఆ ఆటగాళ్లు ఎంత దుఃఖించిరో ఆ నగరవాసులకే తెలియును. కావున విసరుటకు నిలుచు చోటును ఋతువునకొకసారి ఇరువది అడుగులు జరుపుచు గడ్డికి విశ్రాంతి ఇండు. నిలుకడ తిన్నెలు పోసి, ఒకే చోటునుండి విరామము లేకుండ రాబడి దీయవలసిన నిర్వాహకునకు ఈ జాగరూకత తట్టునా? అతని ఒప్పందము ముగిసిననాడు ఆ నేల మనకేగదా మిగులును!

మన పొరుగున మోరిస్‌విల్‌లోని చర్చ్ స్ట్రీట్ పార్కును మీరెరుగుదురు. క్రికెట్టు ఈ దేశమునకు పరాయి ఆటయైనను, ఆడు జనులున్నారని గ్రహించి ఆ పురము మైదానము చేసి ఇచ్చినది. 2023లో మేజర్ లీగ్ క్రికెట్ మొదటి ఏటి పందెములలో కొన్ని అచ్చట జరిగినవి. ఆనాడు మా భారతీయులు అడిగినది తమకు ప్రత్యేకించిన కంచె కాదు, ప్రజలనేలలో ఒక పాలు. నేడు డిస్కు విసరు పిల్లలలో మా పిల్లలును ఉన్నారు. ఈ దేశముననే పుట్టిన ఆటను వారు ఉద్యానవనమునందే నేర్చిరి, పొరుగుపిల్లలు చూపగా నేర్చిరి. గుమాస్తా కూర్చుండు కిటికీ ఒకటి ఆ ద్వారమున వెలసిననాడు ఆ పొరుగుపిల్లవాడు, ఏమియు ఎరుగని మరొక పిల్లవాని చేతిలో తన డిస్కు పెట్టి ‘ఇట్లు పట్టుకో’ అని చూపుట ఎచ్చట జరుగును?

నగర ఉద్యానవనములకు ధనము చాలదని మీరందురు. అది నిజమే కావచ్చును. గడ్డి కోయించుటకును, చెత్తబుట్టలు దీయించుటకును సిబ్బంది చాలక మీరు పడు అవస్థను నేను తక్కువచేయుట లేదు. కాని ఉద్యానవనపు ప్రతి మూలయు తన ఖర్చును తానే సంపాదించుకొనవలెనను సూత్రమును నేడు విసరుబయలునందు అంగీకరించినచో, రేపు చెరువుగట్టుమీది బల్లకును, ఎల్లుండి పిల్లల ఉయ్యాలకును అదే సూత్రము వర్తింపదని చెప్పుటకు మీకు ఏ ఆధారము మిగులును? మిమ్ము ఆ పీఠములయందు నియమించినది ప్రజలభూమిని కాచుటకా, బాడుగకు కుదుర్చుటకా?

కావున మండలివారిని వినయపూర్వకముగా, కాని స్పష్టముగా కోరుచున్నాను. తుది తీర్మానమునకు పూర్వము ఆ కౌలు ఒప్పందపు ముసాయిదాను, అందలి కాలపరిమితిని, రుసుముల పట్టికను, ప్రమాదము సంభవించినచో బాధ్యత ఎవ్వరిదో తెలుపు నిబంధనను పూర్తిగా ప్రజలయెదుట ఉంచుడు. ఉచిత అభ్యాసబయలునకు పైన వివరించిన పద్ధతిలో ఎంత వ్యయమగునో మీ ఇంజనీర్లచేత అంచనా వేయించి, ఆ రెండింటిని ఒకే సభలో ప్రక్కప్రక్కన చర్చకు పెట్టుడు. ఆ సభను పనిదినపు మధ్యాహ్నమునగాక, ఉద్యోగస్థులును బడిపిల్లలును రాదగిన సాయంకాలమున ఏర్పరుపుడు. అంతవరకు ఆ పచ్చికపై కొలతకొయ్యలు పాతుటను నిలిపివేయుడు. గడచిన వారము పాతిన రెండు కొయ్యలను తీయించుడు.

ఇట్లు,
భవదీయుడు,
నగరవాసి యొకడు